చెల్లె చెంప మీది గంజి మచ్చ

మా మనుమరాలు సెల్‌ఫోన్‌ల పది నిమిషాల టైమర్ పెట్టి, ఫోను నా ఒళ్లె పెట్టి, జెల్ ట్యూబు మూత తీసుకుంట నా ముందర పీట మీద కూసున్నప్పుడు నాకు నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వలేదు. ఇది పోయిన వానకాలం సంగతి. పిల్ల గండిపేట దిక్కు కాలేజీల ఇంజినీరింగ్ చదువుతున్నది, మొయినాబాద్ నుంచి స్కూటీ మీద పోయొస్తది. ఒక తడి రోజు మలుపు కాడ బండి జారి, గడ్డం నుంచి చెంప సగం దాంక చర్మం చీలింది. కుట్లు విప్పినంక అక్కడ ఎర్రటి గట్టు లేసింది. చర్మం డాక్టరమ్మ జెల్ రాసిచ్చి, పొద్దున పది నిమిషాలు, మాపు పది నిమిషాలు బొటనవేలితోని ఒత్తుకుంట గుండ్రంగ తిప్పాలె, ఎండ తగలనియ్యొద్దు, నెలలు పడుతదని చెప్పిందట. మా కోడలు దవాఖాన నుంచి వచ్చి ఈ మాటలన్ని చెప్తుంటె నేను మధ్యల్నే అందుకున్న, మచ్చ మాయమైతే గాదు గని మెత్తబడ్తది, చదునైతది, రంగు దిగుతది, గోకొద్దు, ఆగమాగం గావొద్దు అని మిగిలింది నేనే పూర్తి చేసిన. కోడలు నోరు తెరుచుకొని చూసింది, అత్తమ్మకు డాక్టరు చదువు ఎప్పుడబ్బిందని.

అసలు బాధ మచ్చది గాదు, మాస్కుది. కరోన పోయి ఇన్నేండ్లయినా మా పిల్ల మాస్కు పెట్టుకొనే తిరుగుడు మొదలువెట్టింది. కాలేజీకి పోనని మంచం దిగలేదు, చుట్టాలొస్తె లోపటి అర్రల నుంచి రాలేదు, అద్దం మీద తువ్వాల కప్పింది. ఇట్ల ముఖం దాచుకునే పిల్లను నేను ఇంతకు ముందు ఒక్కసారే చూసిన. ఆమె నా చెల్లె. ఆమె ముఖం అట్ల అయ్యెటందుకు కారణం నేనే, ఆ సంగతి మొన్న మొన్నటి దాంక ఎవ్వలికీ చెప్పలేదు.

నా ఈడు వాళ్లకు చెప్పే పని లేదు, గప్పట్ల మా ఇండ్లల్ల కుక్కర్లు ఎక్కడియి? కట్టెల పొయ్యి మీద అన్నం ఉడికించి, మూతకు బట్ట అడ్డం పెట్టి గంజి వంచుడు ఆడపిల్లకు ఎనిమిది తొమ్మిదేండ్లకే నేర్పుతుండ్రి. ఆ గంజి ఇంత ఉప్పేసుకొని తాగేది, మిగిలితె బర్రె కుడితిల పోసేది, ఆదివారం చర్చికి కట్టే చీరెలకు పెట్టేది. మమ్మల్ని కన్న అవ్వ చీరె గంజి పెట్టి ఆరేస్తె రేకు లెక్క నిలబడుతుండె, కూసుంటె చప్పుడొస్తుండె. మాది సురంగల్. అవ్వ, బాపు పొద్దుగాల్నే పూల తోటలకు, కూరగాయల మడులకు పనికి పోతె ఇల్లు నా మీద, నాలుగేండ్ల చెల్లె నా సంకల. అప్పుడు నాకు పదేండ్లు. గంజి గిన్నెను గోడ గూట్లె పెట్టు, నేల మీద పెట్టకు అని అవ్వ దినాం చెప్పి పోతుండె.

ఆ రోజు గిన్నెను గడప కాడ నేల మీద పెట్టిన. బయట పిల్లలు అష్టాచెమ్మ గీసి పిలుస్తున్నరు, గూడు నాకు జర ఎత్తు, ముని వేళ్ల మీద లేవాలె, ఒక్క ఆట ఆడి వచ్చి పెడ్తలే అనుకున్న. నా ఎనుక ఉరికొచ్చిన చెల్లె గడప తట్టుకొని ఆ గిన్నెలనే బోర్ల పడ్డది. గంజి నీళ్ల తీరు జారిపోదు, అతుక్కొని కాలుస్తది. ఎడమ చెంప, మెడ, భుజం మీద దాంక కాలింది. చుట్టుపక్కలోళ్లు ఉరికొచ్చిండ్రు. పక్కింటి అత్త బడి సిరా బుడ్డి తెచ్చి పిల్ల మీద కుమ్మరించింది. కాలిందంటె సిరా పొయ్యాలె, అది మా ఊరి వైద్యం. చదువు లేని ఇండ్లల్ల గూడ కాలిన పుండ్ల కోసమని ఒక సిరా బుడ్డి పెట్టుకుంటుండ్రి. చల్లటి నీళ్లు పొయ్యాలన్న సంగతి అంతమందిల ఒక్కరికి తెల్వదు. చేతులు కాలినంక ఆకులు పట్టుకునుడంటరు, మేమైతె ఆకులు గూడ సరైనయి పట్టుకోలేదు.

అవ్వ తోట నుంచి ఉరికొచ్చేసరికి నేను తేలు కుట్టిన దొంగ లెక్క మూలకు నిలబడ్డ. ఎట్లయిందని అడిగింది. నేను గూట్లనే పెట్టిన, అదే పీటెక్కి గుంజుకున్నది అన్న. పదేండ్ల దాన్ని, భయపడ్డ, ఆ మాట నోట్లెకెళ్లి ఎట్ల వచ్చిందో నాకే తెల్వదు. అవ్వ నా దిక్కు చూసింది, గడప దిక్కు చూసింది. పిల్లను తడి బట్టల చుట్టుకొని బాపు తోని రోడ్డు దాంక నడిచి, బస్సెక్కి చేవెళ్ల దవాఖానకు తీస్కపోయింది. మాకు గప్పుడు పెద్ద దవాఖాన అంటె అదే. అక్కడి నర్సమ్మ కాలిన పుండును చూసుడు కన్న ముందు ఆ నీలి సిరా కడుగుడుకే పానం మీదికి వచ్చిందట, ఎంత లోతు కాలిందో ఆ రంగుల కనవడక.

పుండు మానింది గని మచ్చ మానలేదు. చెంప మీద, మెడ మీద ఎర్రటి గట్లు కట్టినయి. దురద పెట్టి పిల్ల రాత్రి పగలు గోకేది. మెడ ఒక దిక్కు గుంజుకుపోతున్నట్టు అనిపించింది. అవ్వ మళ్ల నర్సమ్మ కాడికి తీస్కపోయింది, నన్ను గూడ తోలుకపోయింది. ఆ నర్సమ్మ మంచి కోపిష్టి, గని చేతులు మాత్రం వెన్న. కొబ్బరినూనె వేలికి అద్దుకొని, రుద్దుడు గాదు ఒత్తుడు, ఒత్తుకుంట గుండ్రంగ తిప్పుడు ఎట్లనో నా బొటనవేలు పట్టి నేర్పింది. పూటకు పది నిమిషాలు, రెండు పూటలు, ఏడాది తక్కువ గాకుంట చెయ్యాలె అన్నది. మా ఇంట్ల గడియారం లేదని అవ్వ చెప్పింది. నర్సమ్మ జరసేపు ఆలోచించి, ఆదివారం ఆరాధనల పాడే కీర్తన ఒకటి ఎంచి, దానికి ఆరు చరణాలుంటయి, నిదానంగ రెండుసార్లు పాడితె పది నిమిషాలైతది, చరణం మింగొద్దు అన్నది. ఇంటికొచ్చినంక అవ్వ నూనె సీస నా చేతుల పెట్టి, పూట పూటకు నువ్వే రాయాలె, ఇంకెవ్వరు ముట్టొద్దు అన్నది. అవ్వకు తీరిక లేక చెప్పిందనుకున్న.

అట్ల మొదలైంది. చెల్లెను మోకాళ్ల నడుమ కూసుండవెట్టుకొని, పొద్దున పొయ్యి రాజెయ్యక ముందు ఒకసారి, మాపు దీపం పెట్టినంక ఒకసారి పాడుకుంట ఒత్తేదాన్ని. చలికాలం నూనె గడ్డ కడితె సీసను చంకల పెట్టుకొని కరగవెట్టేది. నా గొంతు ఎట్లుంటదో మీరడగకండ్రి, మా బర్రె గూడ చెవులు ఆడిస్తుండె. మొదటి నెలల్ల ఏం మారలేదు. ఓపిక లేక, ఎవరో చెప్పిండ్రని నిమ్మ చెక్క రుద్ది పిల్లను ఎండకు కూసుండవెడితె, రెండు దినాలల్ల ఆ మచ్చ నల్లగ కమిలి పొక్కులొచ్చినయి. నర్సమ్మ నన్ను తిట్టిన తిట్లు ఇప్పటికి యాదికున్నయి, నీకు పిల్ల ముఖం కావాల్నా పచ్చడి కావాల్నా అన్నది. మళ్ల మొదటికొచ్చి, ఎండల పోతె తల మీద తువ్వాల కప్పి, మళ్ల కొబ్బరినూనె, మళ్ల ఆరు చరణాలు.

నన్ను తిన్నది మాత్రం మచ్చ గాదు. మా చెల్లెకు ఊళ్లె పేరు పడ్డది, గంజి గుంజిన పిల్ల అని. అల్లరి చేసి మీదేసుకున్నదని పెద్దోళ్లు నవ్వుకుంట అంటుండ్రి, పిల్లలు ఏడిపిస్తుండ్రి, అది గూడ అవును నేనే గుంజుకున్న అని ఒప్పుకొని తల దించుకుంటుండె. నాలుగేండ్లప్పటి సంగతి దానికేం యాదికుంటది, అందరు చెప్పిందే నమ్మింది. చర్చిల ఆడోళ్లం ఒక దిక్కు చాపల మీద కూసునేది. మా చెల్లె ప్రతి ఆదివారం గోడకు ఆనుకొని, కాలిన చెంప గోడ దిక్కు పెట్టి కూసునేది. నేను దాని పక్కన కూసొని, ఇయ్యాల చెప్త, ఇయ్యాల చెప్త అనుకుంట ప్రార్థన అయిపోయేదాంక కండ్లు తెరువకపోయేది. పక్కలోళ్లు నాది గొప్ప భక్తి అనుకునేటోళ్లు.

రెండో ఏడు చలికాలం వచ్చేసరికి నా బొటనవేలికి తేడా తెలిసింది. రాయి లెక్క ఉన్న గట్టు నానిన తోలు లెక్క మెత్తబడ్డది, ఎరుపు దిగింది, మెడ రెండు దిక్కులా తిరుగుతున్నది. ఆ క్రిస్మస్ నాడు అవ్వ గంజి పెట్టిన చీరెల చప్పుడు చేసుకుంట ముందర పోతుంటె, చెల్లె గోడ దిక్కు పోలేదు. నడుమ తోవ పక్కన, అందరు వచ్చేపోయే కాడ, కాలిన చెంప జనం దిక్కే పెట్టి కూసున్నది. ఆ రోజు నేను కీర్తన పాడలేదు, ఏడ్చిన. అప్పుడన్న చెప్పాల్సింది. పిల్ల సంతోషంగున్నప్పుడు ఎందుకు చెడగొట్టాలె అనుకున్న, భయాన్ని మంచితనం అనుకునుడు నాకు చిన్నప్పటి నుంచే అలవాటు. తర్వాత ఆమె పెండ్లయి ఎంకపల్లి పోయింది, పిల్లల తల్లయింది. ముడుతలల్ల కలిసిపోయిన ఆ మచ్చ ఇప్పుడు తెలిసినోళ్లకే కనవడ్తది.

మనుమరాలు మంచం పట్టిన సంగతి విని పోయిన వానకాలం చెల్లె ఎంకపల్లి నుంచి వచ్చింది. టైమర్ నడుస్తున్నది, నేను జెల్ రాస్తున్న, ఆమె పక్కన కుర్చీల కూసొని పల్లీలు ఒలుచుకుంట తన చెంప సంగతి పిల్లకు చెప్తున్నది. నేను గంజి గిన్నె గుంజుకున్న బిడ్డా, గప్పుడు మీ నాయినమ్మనే రాసింది అని నవ్వుకుంట అన్నది. ఇన్నేండ్లకు గూడ తన మీదనే వేసుకుంటున్నది. ఇంత బతుకు బతికి ఇంకెప్పుడు చెప్తనని నాకే సిగ్గనిపించింది. వేలు ఆపి, నువ్వు గుంజలేదు చెల్లె, నేనే గడప కాడ పెట్టిన, అబద్ధం చెప్పిన అన్న.

చెల్లె పల్లీలు ఒలుచుడు ఆపలేదు. నాకెరుకనే అక్క అన్నది. తన పెండ్లి ముందు రోజు అవ్వ చెప్పిందట. గంజి గడప కాడ ఎండింది గని గూటి కింద సుక్క లేదు, ఆ నేల అలికింది అవ్వనే, ఆ రోజే ఆమెకు తెలిసిందట. మరి అక్కను ఎందుకడగలేదని చెల్లె అడిగితె అవ్వ అన్నదట, “ఒక బిడ్డ కాలింది సాలదా, ఇంకో బిడ్డను గూడ కాల్చాల్నా?” అందుకే నూనె సీస నా చేతుల పెట్టిందట. అరవై ఏండ్లకు దగ్గర పడుతున్నది ఆ గంజి ఒలికి, మా అవ్వ మట్టిల కలిసి గూడ ఎన్నో ఏండ్లయింది, నేను ఆమెకు దండం పెట్టుకోవాల్సిన రోజు ఇప్పుడు వచ్చింది.

ఎరుకైనంక ఇన్నేండ్లు ఎందుకు ఊకున్నవని అడిగిన. అప్పుడు చెల్లె చిన్నపిల్ల లెక్క సిగ్గుపడ్డది. తను గూడ అబద్ధం చెప్పింది కాబట్టి అట. మచ్చ మెత్తబడ్డంక గూడ ఇంక బిగుసుకొనే ఉన్నదక్క అని నెలలు నెలలు చెప్పిందట. “లేకుంటె నువ్వు నన్ను ఒళ్లె ఎప్పుడు కూసుండవెట్టుకుంటుంటివి?” అన్నది. మనుమరాలు చాలా రోజులకు పండ్లు కనవడేటట్టు నవ్వింది.

ఇప్పుడు గంజి వంచేటోళ్లు లేరు, ఆ చీరెల చప్పుడు లేదు. సిరా బుడ్డి ఎవ్వలింట్ల లేదు, అది పోయినందుకు నాకు బాధ గూడ లేదు. లేజర్లున్నయి, జెల్‌లున్నయి, మంచి మంచి డాక్టర్లున్నరు, ఆ కాలంల ఇవి ఉంటె మా చెల్లె అంత బాధ పడకపోయేది. ఉన్నదంత ఉన్నది గని, పది నిమిషాలు ఒకరి ముఖం ఇంకొకరు చేతుల పట్టుకొని కూసునుడే కరువైంది. మా కోడలికి తీరిక లేదు, కొడుక్కు తీరిక లేదు, ముసలిదాన్ని గాబట్టి ఆ పని నా పాలవడ్డది, నా అదృష్టం.

చెల్లె వచ్చిపోయి ఆరు నెలలయితున్నది. పిల్ల కాలేజీకి పోతున్నది, మాస్కు స్కూటీ డిక్కీల ఎక్కడనో పడి ఉన్నది, అడిగితె ఏమో అంటది. నిన్న మాపు జెల్ రాస్తుంటె నా బొటనవేలి కింద ఆ గట్టు తగలనే లేదు, చదునైంది, మెత్తగున్నది. టైమర్ మోగింది. ఇగ సాలు బిడ్డ, తగ్గింది అన్న. పిల్ల ఫోను బంద్ చేసి పక్కకు పెట్టి, కండ్లు మూసుకొని, నా మోకాలికి తల ఆనించి అన్నది, “ఇంక జర బిగుసుకొనే ఉన్నది నాయినమ్మా.”

నేను మళ్ల మొదటి చరణం ఎత్తుకున్న.