చీటీ లేని మొక్క

అమెరికాలో, బెంటన్‌విల్‌లోని మా అమ్మాయి ఇంటికి వచ్చిన కొత్తలో ఆ మొక్కను పట్టుబట్టి కొనిపించాను. మొక్కల షాపులో ఓ మూల, పేరు చీటీ ఊడిపోయి, ఒంటరిగా ఉంది.

"ట్యాగ్ లేదమ్మా. ఏ ప్లాంటో ఏమో, వదిలెయ్," అంది మా అమ్మాయి.

ఆకు చూస్తే నాకు మందార జాతి అనిపించింది. రోజూ పూజకు ఫ్రిజ్‌లోంచి తీసిన కొన్న పూలు పెట్టి పెట్టి అప్పటికే విసుగెత్తింది. తిరిగి వెళ్ళేలోపు నా చేత్తో పెంచిన పువ్వు ఒక్కటైనా దేవుడికి పెట్టాలి. నాకు కావలసింది అంతే.

"ఇది బెండ మొక్క. కాయలు కాస్తే పులుసు పెట్టు," అన్నారు మా ఆయన. ఆయన నోట మంచి మాట ఎప్పుడొచ్చింది గనక! అమ్మాయి ఆకును ఫొటో తీసి ఫోన్‌ని అడిగితే, అది ఓసారి పత్తి అంది, ఓసారి బెండే అంది. దాని మొహం.

కుండీ అడుగు చిల్లుల్లోంచి వేర్లు బయటికొస్తే పెద్ద కుండీలోకి మార్చాను. ఎండాకాలమంతా మధ్యాహ్నానికి ఆకులు వాల్చేసేది, నీళ్ళు పోస్తే సాయంత్రానికి తేరుకునేది. నా ఎత్తు దాటింది గానీ పువ్వు ఊసే లేదు. తీరా చలి మొదలయ్యాక మొగ్గలేసింది. అవి గట్టిగా బిగుసుకుని విచ్చుకోవే! "ఫ్రాస్ట్ పడితే అన్నీ పోతాయి, హోప్స్ పెట్టుకోకు," అంది అమ్మాయి. మా తిరుగు ప్రయాణం కూడా దగ్గరపడింది.

ఆ రాత్రికే మంచు పడుతుందని ఫోన్‌లో చూసిన ఉదయం, ఒక మొగ్గ విచ్చింది. అరచేయంత పువ్వు, ముద్దగా, పాలలా తెల్లగా. నా ప్రాణం లేచొచ్చింది. కోసి దేవుడి పటం ముందు పెట్టాను.

మధ్యాహ్నం అటు చూస్తే పువ్వు గులాబి రంగులో ఉంది.

"ఏమండీ, పువ్వు మార్చారా?"

"నాకేం పని? కుంకుమ చేత్తో ముట్టుకుని ఉంటావు."

వేలితో రుద్దాను. రంగు అంటలేదు. లోపలినుంచే వస్తోంది. కుర్చీ లాక్కుని అక్కడే కూర్చున్నాను. ఆయనా వచ్చి పక్కన నిలబడ్డారు, వెటకారం మానేసి. దీపం పెట్టే వేళకు అది ఎర్రటి పువ్వు. కొమ్మనుంచి కోసేశాను, చుక్క నీరు లేదు, అయినా దాని పని అది చేసుకుంటూ పోయింది. ఇన్నేళ్ళుగా రోజూ దేవుడికి పూలు పెడుతున్నాను, పెట్టిన పువ్వును మళ్ళీ తిరిగి చూసిందెప్పుడు? ఆ సాయంత్రం నాకు భయమూ వేసింది, ఏడుపూ వచ్చింది. చేతులు వాటంతటవే జోడించుకున్నాయి.

చీకటి పడకముందే ఇద్దరం కలిసి కుండీని గరాజ్‌లోకి ఈడ్చాం. ఆఫీస్ నుంచి వచ్చిన అమ్మాయి, "నా కార్ ఎక్కడ పార్క్ చేయాలి?" అంది.

"బయట పెట్టుకో."

సంగతంతా చెప్పాను. ఫోన్‌లో వెతికి, "నిజమే, కాన్ఫెడరేట్ రోజ్ అట, మందార జాతే. రంగు మారుతుందట," అంది. అని ల్యాప్‌టాప్ తెరిచి పనిలో పడింది. నాకు ఒళ్ళు మండింది. "అట" ఏమిటి, నేను కళ్ళారా చూస్తేను!

మర్నాడు పొద్దున్నే అమ్మాయి గరాజ్ తలుపెత్తి, బయట, కారు అద్దం మీది మంచు గీకుతోంది. నేను కుండీని వెలుతురులోకి జరుపుదామని దగ్గరికెళ్ళాను. రెండో మొగ్గ విచ్చి ఉంది, తెల్లగా. పూజకని చెయ్యి చాచాను.

"అమ్మా, కోయకు," అంది వెనకనుంచి. గీకుడు ఆపేసి చూస్తోంది. "నేనొచ్చేదాకా ఉంచు. చూడాలి."

ఎండొచ్చాక కుండీని బయటికి లాగాం. ఆ రోజు దేవుడికి అక్షింతలతోనే సరిపెట్టాను. పువ్వు అంచులు గులాబి రంగుకు తిరిగాయో లేదో, ఎప్పుడూ చీకటి పడ్డాకే వచ్చే మా అమ్మాయి కారు ఇంటి ముందు ఆగింది.