చైను లేకుండా ఘాటెక్కిన సైకిలు

ఉదయగిరి బస్టాండు పక్కన జిరాక్స్ అంగడి పెట్టుకుని, ఊళ్ళోవాళ్ళ అఫిడవిట్లకు రోజూ నకళ్ళు తీసే నేను, ఒళ్ళు తెలివిలో ఉండి, ఎవరి బలవంతమూ లేకుండా ప్రమాణం చేసి చెప్పేదేమంటే, కింద రాసిన ప్రతి మాటా నిజం. ఒక్కటి అబద్ధమైనా నా మిషన్లో కాయితం ఇరుక్కుని ఇక ఈ జన్మకి బయటికి రాకుండా పోవాల. ఇంతకంటే పెద్ద ఒట్టు నా దగ్గర లేదు.

ఊళ్ళో నా మాటకున్న విలువ ఏపాటిదో ముందే చెప్పాలి. నేను "వానొస్తాంది" అంటే చెయ్యి బయటికి చాపి చూసి, చెయ్యి తడిసినాక కూడా "ఎవరో మిద్దె మీద నుంచి నీళ్ళు పోసినారు" అనే రకం మా జనం. తప్పంతా వాళ్ళదే అనను. కొంత నాది కూడా.

అట్లా ఉండగా ఒకనాడు ఆలుమగలం ఆత్మకూరులో మా బామ్మర్ది ఇంటికి పోయినాము. వాడు కొత్తగా ఎలక్ట్రిక్ స్కూటరు కొన్నాడు. సొంత బిడ్డల ముక్కు తుడవగా వాణ్ణి నేనెప్పుడూ చూడలేదు. ఆ స్కూటరు అద్దాలు మాత్రం పూటకొకసారి తుడుస్తున్నాడు. నేనేదో చెప్పబోతే అన్నం ముందరే అడ్డం తగిలినాడు.

"నీ కథలే పెట్రోలయ్యుంటే జిల్లా అంతటికీ సరిపోయేది బావా."

"నీ స్కూటరేందిరా, మామూలు సైకిలుకు మోటరు పెట్టించి, పెడలు తొక్కకుండా మా ఊరి కొండ మీది ఘాటు రోడ్డు ఎక్కి చూపిస్తా," అన్నాను.

మజ్జిగ పోస్తా ఉన్న మా ఆవిడ ఆగింది. "ఈయన గానీ ఎక్కితే, ఇంక ఈ జన్మలో ఈయన మాట కాదనను," అంది. అక్కా తమ్ముడూ పొలమారేదాకా నవ్వుకున్నారు.

ఇరవై ఏళ్ళ కాపురంలో ఆమె నోటి నుంచి "సరే" అన్న మాట ఒక్కసారి వినడానికి నేను ఎంతకైనా తెగించేవాణ్ణి. చివరికి సైకిలుకు తెగించాను.

ఆ సాయంత్రమే ఆత్మకూరు బజారులో, ఉన్నవాటిలోకల్లా చవకైన మౌంటెన్ బైకు కొన్నాను. కొండకీ దానికీ ఉన్న చుట్టరికం పేరు వరకే. మా ఊరి కుంటి గాడిద దానికంటే ఎక్కువ కొండలు చూసి ఉంటుంది. టైర్లు ట్రాక్టరు టైర్లకు తమ్ముళ్ళ మాదిరి ఉంటాయి, తొక్కితే తారు రోడ్డు మీద కూడా బురదలో పోయినట్టే. ముందర రెండు స్ప్రింగులున్నాయి. గుంటలో పడితే అవి కదలవు, మన నడుము కదులుతుంది. గేర్లు ఇరవై ఒకటంట. అన్నీ తిప్పి చూశాను, అన్నిటిలోనూ ఒకటే ఆయాసం.

"బ్రేకులు డిస్కు సార్, గాల్లో ఎగిరినా ఆగతాది," అన్నాడు అంగడాయన. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

మోటరు కిట్టు పార్సిల్లో వచ్చింది. చక్రం మధ్యలో గుండ్రటి మోటరు, ఒక బ్యాటరీ, వైర్ల కట్ట, చైనా వాడి బొమ్మల కాయితం. దాన్ని బిగించే పని ఆత్మకూరులో బోరు మోటర్లకు వైండింగు కట్టే మేస్త్రికి అప్పజెప్పినాను. ఆయన ఆ కాయితాన్ని ఒకసారి చూసి, దాని మీద బీడీ పెట్టె పెట్టుకున్నాడు.

"మూడు వైర్లు ఉండాయి. అంటే త్రీ ఫేజే గదా అబ్బయా. చుట్టుపక్కల పల్లెల్లో బోర్లన్నీ నా చేతి మీదనే నీళ్ళు పోస్తా ఉండాయి. ఇదెంత?"

బిగించినాడు. ఎక్కి కూర్చుని యాక్సిలరేటరు తిప్పాను. సైకిలు వెనక్కి పోయింది. చక్రం వెనక్కి తిరిగితే చైను పెడళ్ళనీ వెనక్కి తిప్పుతుంది. ఆ పెడలు ముంగాలి ఎముక మీద ఠంగున కొట్టింది. నొప్పికి చేతిలో ఉన్నదాన్నే ఇంకా గట్టిగా పట్టుకున్నాను, అది యాక్సిలరేటరే. బోరు మోటర్లను పరీక్షించడానికి మేస్త్రి నీళ్ళు నింపి పెట్టుకున్న తొట్టిలో కూర్చున్నాక గానీ నేను ఆగలేదు.

మేస్త్రి మొహంలో నవ్వు లేదు, సిగ్గు అంతకన్నా లేదు. "ఇదేం కొత్త గాదులే. బోరు కూడా ఒక్కోసారి ఉల్టా తిరగతాది. రెండు ఫేజులు మారిస్తే సరి," అన్నాడు. బోరుబావి అడుగున మోటరు ఎటు తిరిగినా దాని మీద మనిషి కూర్చోడు గదా అని అడగాలనిపించింది. తొట్టిలోంచి అడిగితే బాగుండదని ఊరుకున్నాను. ఆ రెండు వైర్లూ, వాటికి తోడు సన్న వైర్లు ఇంకో రెండూ అటూ ఇటూ మార్చేసరికి పొద్దు వాలింది. సైకిలు ముందుకు నడిచింది.

ఆదివారం పొద్దున మా ఊరి టీ అంగడి ముందర పదిమందీ చూస్తుండగా నేనొక పని చేశాను. సైకిలు చైను ఊడదీసి, అంగడి గుంజకున్న మేకుకు తగిలించాను. "చైను లేని సైకిలును మీ తాతలు కూడా తొక్కలేరు. ఎవరన్నా వెంట రండి, చూడండి," అన్నాను.

ఒక్కడూ లేవలేదు. రాజకీయం మాట్లాడాలంటే అమరావతి దాకా పోతారు, నిజం చూడమంటే మూడు మలుపుల దూరం రారు. నేనొక్కణ్ణే పోయినాను. ఎక్కినాను కూడా. మోటరు గానుగెద్దు మాదిరి మూలిగింది, కానీ ఎక్కింది. నా కాళ్ళు రెండూ పెడళ్ళ మీద ఊరికే ఉన్నాయి. పైమలుపులో కాసేపు నిలబడి, చూసేవాళ్ళు లేకపోయినా మీసం దువ్వుకున్నాను.

అప్పుడు చూశాను చిరుతపులిని. బండ మీద పడుకుని, నా సైకిలును ఎగాదిగా చూసి, లేచి ఒళ్ళు విరుచుకుంది. నేను బండి తిప్పాను. అది వెంటపడింది. మూడు మలుపులూ ఎట్లా దిగానో ఆ కొండకే తెలియాలి.

టీ అంగడి దగ్గర ఆగేసరికి చొక్కా పిండితే బిందె నిండేట్టు ఉంది.

"పెడలు తొక్కకుండా ఎక్కితే ఇంత చెమటేందిరా? తోసుకుంటా పోయినావు," అన్నాడు టీ అంగడివాడు. అందరూ నవ్వినారు.

"తోసుకోలేదురా. చిరుత తరిమింది," అన్నాను.

నవ్వు ఆగిపోయింది. టీ గ్లాసులు కింద పెట్టినారు. "ఏ మలుపు కాడ? ఎంత ఉండాది?" చైను లేకుండా ఘాటెక్కినానంటే నమ్మని మొహాలు, చిరుత అనగానే నోళ్ళు తెరిచినాయి. మధ్యాహ్నానికి దానికి రెండు పిల్లలు పుట్టినాయి. తెల్లారేసరికి మర్రిపాడులో లేగదూడను ఎత్తుకుపోయింది. సైకిలు సంగతి అడిగినవాడే లేడు. మా బామ్మర్ది ఫోను చేసి, "బావా, చిరుతను ఫోటో తీయలేదేంది?" అన్నాడు. ఘాటు ఎక్కినావా అని మాత్రం అడగలేదు.

నాలుగో రోజు నా జిరాక్స్ అంగడికి ఒక అవ్వ వచ్చింది. చెరువు కింద పల్లెలో ఉంటుంది. పాతిక మేకలున్నాయి, వాటి మీదనే బతుకు. వాటిని రోజూ ఆ ఘాటు మీదికే తోలుకుపోయేది. చిరుత కబురు విని, ఎవరూ మేకల్ని పైకి తోలొద్దని పల్లె పెద్దలు కట్టడి చేసినారు.

"నాలుగు దినాలుగా దొడ్లోనే అరస్తా ఉండాయిరా. వేపమండలు ఎన్నని కొట్టేది? పాలు దిగిపోయినాయి. ఆ పొద్దు నేను పైమలుపు కాడే ఉంటినే. ఏడ్రా చిరుత?"

నేను జిరాక్స్ మిషన్ మూత తెరిచాను, మూశాను.

"నీ సైకిలు ఎక్కింది నేను చూసినాలే," అంది. "నా మేకలు నిన్ను దాటుకుని పోయినాయి. అయినా ఎక్కినావు, కాలు కదపలా. ఆ మాట ఎవరడిగినా నేను చెప్తా. చిరుత లేదని నువ్వు చెప్పు. నేను చెప్తే ముసల్దానికి చూపానదు అంటా ఉండారు."

చూడండి నా అదృష్టం. నా జన్మలో నేను చేసిన ఒకే ఒక్క నిజమైన ఘనకార్యానికి ఒక సాక్షి దొరికింది. ఆ సాక్షి మాట చెల్లాలంటే ముందు నేను అబద్ధాలకోరునని ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే ఘనకార్యం కూడా అబద్ధాల్లో కలిసిపోతుంది.

ఆ రాత్రి మా ఆవిడ నా చెప్పులు తెచ్చి నా ముందర పడేసింది. మడమల దగ్గర రబ్బరు అరిగిపోయి, నేల కనపడుతోంది. "చిరుత తరిమితే ఎవరన్నా చెప్పులతో బ్రేకు వేస్తారా?" అంది. ఆదివారం నుంచే ఆమెకు తెలుసు. ఆ అబద్ధాన్ని ఎన్నాళ్ళు మోస్తానో చూస్తూ ఊరికే ఉంది.

తెల్లారి టీ అంగడి దగ్గర చెప్పేశాను. "చిరుత లేదు."

"మేమనుకున్నదే," అన్నాడు టీ అంగడివాడు, నాలుగు రోజులుగా పొద్దు వాలకముందే తలుపు గడియ పెట్టుకున్న మనిషి. "అయితే సైకిలు తోసుకుంటా పోయినావన్న మాట."

"అవ్వను అడగండి. ఆమె చూసింది."

"ఆ ముసల్దానికా? చూపానదు."

మరుసటి రోజు అవ్వ మేకలు ఘాటెక్కినాయి. నా చైను ఇంకా ఆ మేకుకే ఉంది. టీ అంగడివాడు దానికి బన్ను పాకెట్లు తగిలిస్తున్నాడు. మా ఆవిడ ఇచ్చిన మాట కూడా అట్లాగే ఎక్కడో తగిలించి ఉంది. అడిగితే, "ఎక్కినావేమోలే," అంటుంది. ఆ "ఏమో" ఒక్కటి తీసేస్తుందేమోనని చూస్తున్నాను.

కాబట్టి, మొదట చేసిన ప్రమాణానికి సవరణ. చిరుత, దాని బండ, అది ఒళ్ళు విరుచుకోవడం నేను కల్పించినవి. జరిగిందేమంటే, దిగేటప్పుడు, గాల్లో ఎగిరినా ఆగతాదన్న ఆ డిస్కు బ్రేకు పట్టలేదు. మూడు మలుపులూ చెప్పులు రోడ్డుకు రాస్తా, చచ్చిపోయిన మా నాయనను పిలుస్తా దిగినాను. చెమట అందుకు పట్టింది. భయపడ్డానని చెప్పలేక పులిని పుట్టించాను.

ఎక్కింది మాత్రం నిజం. మేకలు దాటిపోయినాయి గానీ, ఎక్కింది.