పెళ్ళి గౌనుకి వచ్చిన ఆది జాకెట్టు

2023 ఏప్రిల్ నెల. ఛత్తీస్‌గఢ్ భిలాయిలో, ఖుర్సీపార్‌లో నాది ఆడవాళ్ళ బట్టలు కుట్టే చిన్న కొట్టు. ఐదో తరగతితో బడి మానేశాను. ఇలా రాయడం ఇదే మొదలు, తప్పులుంటే మన్నించండి. పదిహేడేళ్ళలో ఎన్నో పెళ్ళి బట్టలు కుట్టాను గాని, రూతమ్మ అక్క కూతురి గౌను విసిగించినంతగా ఇంకేదీ విసిగించలేదు.

రూతమ్మ అక్క భర్త రైల్వేలో చేస్తాడు. కూతురు షారోన్‌కి పెళ్ళి కుదిరింది. చర్చిలో పెళ్ళి, తెల్ల గౌను. ఇంకా ఇరవై రోజులుందనగా అక్క శాటిన్ గుడ్డ, నెట్టు, ఫోన్లో పదకొండు ఫొటోలు పట్టుకుని వచ్చింది. పిల్ల రాలేదు. పిల్లకి బదులు ఆది జాకెట్టు వచ్చింది. అంటే కొలత కోసం ఇచ్చే పాత జాకెట్టు. మా వాళ్ళందరూ ఇదే ఇస్తారు. చీర మీదకి జాకెట్టు కుట్టడానికి సరిపోతుంది గాని, గౌనుకి ఎలా సరిపోతుంది?

"పిల్ల రాలేదేటి అక్కా?"

"దానికి స్కూల్లో డూటీ. దీన్ని బట్టి కుట్టీ సెల్లీ. ఫిష్ కట్టు కావాల. మనిషి సన్నగా కనబడాల."

ఫిష్ కట్ అంటే మోకాళ్ళ దాకా ఒంటికి అతుక్కుని, అక్కడినుంచి చేప తోకలా విచ్చుకునే గౌను. మనిషిని చూడకుండా అది కుట్టమంటే, చెప్పు చూసి ప్యాంటు కుట్టమన్నట్టే. అయినా పని వదులుకోలేక ఒప్పుకున్నాను. ముందు పై భాగం మాత్రం కుట్టి ట్రయల్‌కి పంపాను. మూడో రోజుకి అక్క దాన్ని తిరిగి తెచ్చింది.

"కుడి పక్క జారిపోతన్నాది. ఎడం పక్క పట్టేస్తన్నాది."

కుట్టు లోపల వదిలే గుడ్డని మార్జిన్ అంటాం. ఎడమ పక్క మార్జిన్ విప్పాను, కుడి పక్క లోపలికి పట్టి కుట్టాను. మళ్ళీ తెచ్చింది. ఈసారి మెడ వంకరంట.

"ఇన్నేళ్ళు కుట్టి మెడ తిన్నగా పెట్టడం రాదేటి నీకు?"

నాకు ఒళ్ళు మండింది. ఆది జాకెట్టు బల్ల మీద పరిచి, ఆమె ముందే టేపు పెట్టి చూపించాను. రెండు పక్కలూ సమానం. "జాకెట్టు కాదు అక్కా, పిల్లని పంపు. లేదంటే గుడ్డ పట్టికెళ్ళిపో" అన్నాను. గుడ్డ బల్ల మీదే వదిలేసి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున నేను కొట్టు తెరుస్తుండగా షారోన్ ఒక్కతే స్కూటీ మీద వచ్చింది.

"దీదీ, ఆ జాకెట్టు నాది కాదు. మా కజిన్‌ది."

చున్నీ తీసింది. కుడి భుజం ఎడమదాని కంటే ఒకటిన్నర అంగుళం కిందకి ఉంది. వెన్ను కొంచెం ఒక పక్కకి ఒంగి ఉంది.

"ఆ ఒక్క మాట ముందే చెప్తే ఇంత గుడ్డ పాడయ్యేది కాదు కదమ్మా" అన్నాను. నా కోపం ఇంకా తగ్గలేదు.

"మమ్మీ నా నాప్, అదే కొలత, ఎవరికీ ఇవ్వనివ్వదు దీదీ. టెన్త్‌లో రిసాలిలో ఒక టైలర్ దగ్గరకెళ్ళాం. అతను నాప్ తీస్తూ, రాసుకునేవాడికి జోర్‌గా చెప్పాడు, రైట్ కంధా ఏక్ ఇంచ్ నీచే, కుడి భుజం ఒక ఇంచు కిందకుంది అని. కొట్లో అందరూ తిరిగి చూశారు. అప్పట్నుంచి రెడీమేడ్ కుర్తీలే, పైన చున్నీ."

"పెళ్ళికొడుక్కి తెలుసా?"

"ఫస్ట్ టైం కలిసినప్పుడే చెప్పీసాను. చెప్పినట్టు మమ్మీకి తెలీదు." చున్నీ చేతికి చుట్టుకుంటూ అంది, "చర్చిలో పైన ఏటీ కప్పుకోకుండా నడవాలి దీదీ. అంతే."

నా కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కొలత పైకి చెప్పే అలవాటు నాకూ ఉంది. నేను టేపు పడతాను, నా కొట్లో మిషన్ కుట్టే ఆవిడ రాస్తుంది. మధ్యలో బట్టలకొచ్చినవాళ్ళు నలుగురు ఉంటారు.

ఆ రోజు మెల్లగా కొలిచాను, కుడికి వేరే, ఎడమకి వేరే. ఫిష్ కట్ వద్దన్నాను. తుంటి కూడా ఒక పక్క ఎత్తుగా ఉంది, గుడ్డ అతుక్కుంటే అదే కనబడుతుంది. నడుము నుంచి వదులుగా విచ్చుకునే ఎ-లైన్ నయం. ఇక గౌను మధ్యలో తిన్నని గీత ఉంటే కన్ను రెండు పక్కలనీ పోల్చి చూస్తుంది. అందుకని కుడి భుజం నుంచి ఎడమ నడుముకి ఏటవాలుగా మడతలు వేశాను. భుజం కింద ప్యాడ్, అంటే స్పాంజి ముక్క, పెడతానన్నాను.

"వొద్దు దీదీ. ఆ రోజు అందరూ హగ్ చేసుకుంటారు. చేతికి స్పాంజి తగులుద్ది."

ఆఖరి ట్రయల్‌కి తల్లి కూడా వచ్చింది. గౌను చుట్టూ తిరిగి చూసింది. మిగిలిన నెట్టు తీసి కూతురి భుజాల మీద కప్పబోయింది.

"వొద్దు మమ్మీ."

"ఫొటోలు బతుకంతా ఉంటాయే."

"అందుకే వొద్దంటన్నాను."

"పెళ్ళికొడుకోల్ల కంట పడితే?"

"ఆయనకి తెలుసు. నేనే చెప్పాను."

రూతమ్మ అక్క స్టూలు మీద కూలబడింది. నా వైపు తిరిగి, "పిల్లని తెమ్మని నువ్వైనా ముందే గట్టిగా అనాల కదేటి సెల్లీ" అంది. నెట్టు మాత్రం మడిచి సంచిలో పెట్టుకుంది.

పెళ్ళిలో వెనక బెంచీలో కూర్చున్నాను. షారోన్ పైన ఏమీ లేకుండా, తండ్రి చెయ్యి పట్టుకుని నడిచింది. చూడాలని చూస్తే భుజం సంగతి తెలుస్తుంది. నేను దాచలేదు, ఆ పిల్ల దాచమనలేదు.

ఆ తర్వాత కొట్లో ఒక మూల కర్టెన్ కట్టాను. పెళ్ళి బట్టలకి ఆది జాకెట్టు తీసుకోను. కొలత పైకి చెప్పను, నేనే రాసుకుంటాను. రాస్తుంటే టేపు జారుతుంది, మళ్ళీ కొలవాలి, పని సాగదు, విసుగొస్తుంది. కాని ఇప్పుడు అమ్మలు జాకెట్టు పట్టుకుని రావడం తగ్గింది. అమ్మాయిలే వస్తున్నారు.