ఆడవి మూడు, మగది ఒక్కటీ లేదు

నేరేడ్‌మెట్‌లో మా అపార్టుమెంటుకు నేను సెక్రటరీనైన కొత్త. పై ఫ్లాటు నర్సింగన్న మెట్ల మీద ఫోనులో గుసగుసలాడుతుంటే విన్నాను.

"టెర్రస్ మీద ఆడవి మూడున్నయ్ బావా, మగది ఒక్కటి సుత లేదు. రేపు పొద్దుగాల అల్వాల్ నుంచి ఒకదాన్ని డబ్బాల పెట్టుకొని రా. ఎండెక్కితే ముడుసుకుంటది!"

డబ్బాలో పట్టేది, ముడుచుకునేది! పాములే. సాయంత్రానికల్లా నా ఊహలో అవి అనకొండలయ్యాయి.

పొద్దున్నే నలభై ఫ్లాట్ల జనాన్ని కర్రలతో సహా వెంటేసుకుని టెర్రస్ మీదికి దండెత్తాను. నర్సింగన్న బావ డబ్బా మూత తీస్తుండగానే కర్రతో ఒక్కటిచ్చాను. అందులోంచి పసుపుపచ్చటి గుమ్మడిపువ్వు ఎగిరిపడి నా చెప్పు కింద నలిగింది.

నీళ్ల ట్యాంకు వెనక, పాత పెయింటు డబ్బాలో పెరిగిన గుమ్మడితీగ. దానికి మూడు ఆడపూలు.

"ఏందిది సెక్రటరీ సాబ్! మగపువ్వు పుప్పొడి అద్దకుంటే పిందెలు నిలుస్తయా? మూడు కాయలు ఆగం జేస్తివి!" అంటూ నర్సింగన్న నలిగిన పువ్వును ఏరుకున్నాడు.

మూడు పిందెలూ రాలిపోయాయి. అప్పటినుంచి ఎవరి మీదైనా అనుమానమొస్తే, ముందు అది ఏ తీగో అడుగుతున్నాను.