గోడ కలిసిన రెండిళ్ళు

కువైట్‌లో, బ్నీద్ అల్ గార్ పేటలో నేను పనిచేసిన ఇంటికి అంటుకుని, అచ్చం దానిలాంటిదే ఇంకో ఇల్లు ఉండేది. ఓడల వ్యాపారంలో బాగుపడిన రోజుల్లో ఇద్దరు అన్నదమ్ములు ఒకేసారి కట్టించుకున్నారట. సముద్రంలోంచి తెచ్చిన రాళ్ళు పేర్చి, పైన తెల్లటి గచ్చు పూశారు. వీధివైపు రెండు టేకు తలుపులు, వాటి పక్కన కమానుల వరండాలు. మధ్యలో నిలబడి చూస్తే ఒకే ఇల్లు అద్దంలో చూసుకుంటున్నట్టు ఉండేది. లోపల నడిమధ్య దేని వాకిలి దానిదే, పైన కప్పు లేదు, ఆకాశమే. గదుల్లో తలెత్తితే ఓడల్లో వచ్చిన దుంగలు, వాటి మీద పరిచిన ఈతాకు చాపలు. మండు వేసవిలోనూ ఆ నేల మీద పడుకుంటే వీపు చల్లబడేది.

రెండిళ్ళకీ మధ్యగోడ ఒక్కటే. ఆడవాళ్ళ రాకపోకలకి ఒకప్పుడు అందులో చిన్న ద్వారం ఉండేదట. నేను వెళ్ళేనాటికే దాన్ని రాళ్ళతో మూసి గచ్చు పూసేశారు. అన్నదమ్ములు పోయి, వాళ్ళ భార్యలిద్దరూ ముసలితనంలో చెరో ఇంట్లో మిగిలారు. అక్కడ ఇంటి యజమానురాలిని మామా అని పిలుస్తాం. మా మామా పెద్ద కోడలు, పక్కింటావిడ చిన్న కోడలు. ఏదో పెళ్ళి సంబంధం దగ్గర మాట తేడా వచ్చి, ఏళ్ళ తరబడి ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

నాది రాయచోటి దగ్గర పల్లె. పక్కింట్లో పనిచేసే అమ్మాయిది కోనసీమ. మేమిద్దరం డాబాల మీద బట్టలు ఆరేస్తూ పిట్టగోడ మీదుగా కబుర్లాడుకునేవాళ్ళం.

"అచ్చం మా ఊరి మండువా ఇల్లేనండి అక్కా. వాన ఒక్కటే తక్కువండి," అనేది తను.

"వానదేముంది మ్మే, మా పక్క గూడా అంతంతమాత్రమే," అని నేను నవ్వేదాన్ని.

1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చిపడింది. తెల్లారి చూస్తే సముద్రపు రోడ్డు మీద ట్యాంకులు. వీధిలో చాలా కుటుంబాలు కార్లెక్కి సౌదీ దారి పట్టాయి. మామా కొడుకులు అప్పటికే సెలవులకని విదేశాలకు వెళ్ళి అక్కడే చిక్కుకుపోయారు. తీసుకెళ్తామని చుట్టాలు వస్తే, "నా ఇల్లు వదిలి ఎక్కడికీ రాను," అని మామా తేల్చి చెప్పింది. పక్కింటావిడా అదే మాట అన్నదట. పట్టుదలలో ఇద్దరూ ఇద్దరే.

వీధి చివర సైనికులు ఇసుక బస్తాలు పేర్చుకుని కూర్చున్నారు. డాబా మీద తల కనబడితే తుపాకీ ఎత్తేవాళ్ళు. దాంతో మా కబుర్లూ ఆగిపోయాయి. ఒకరోజు మధ్యాహ్నం మధ్యగోడ అవతల దబదబా చప్పుడైంది. చెవి ఆనించాను.

"అక్కా! మా మామా స్నానాలగది దగ్గర పడిపోయారండి! నేనొక్కదాన్నీ లేపలేకపోతున్నానండి!"

"వీధిలోకి యాట్ల వచ్చేది మ్మే? సిపాయిలు ఆడ్నే ఉండారు!"

నా కంగారు చూసి, సంగతేమిటని మామా అడిగింది. చెప్పాను. ఆమె వచ్చి గోడను అరచేత్తో తడిమి, ఒకచోట వేళ్ళతో కొట్టి చూసింది.

"ఇక్కడ పగలగొట్టు."

"గోడనా మామా?"

"అది గోడ కాదు, ద్వారం. మూయించింది నేనే. యల్లా, కానీ!"

ఇంటి డ్రైవర్ వదిలిపోయిన ఇనుప రాడ్డు తెచ్చి పొడవడం మొదలుపెట్టాను. చప్పుడు వీధిలోకి పోకుండా మామా రేడియో గొంతు పెంచింది. అవతలి నుంచి కోనసీమ అమ్మాయి రోకలితో మోదుతోంది. గచ్చు పెచ్చులుగా రాలింది. వెనక రాళ్ళు, వాటిలో ఇరుక్కున్న గవ్వలు. మనిషి దూరేంత సందు కాగానే మామా నన్ను పక్కకి నెట్టి, ఒంటి మీది నల్ల అబాయా నిండా సున్నం చేసుకుంటూ ముందు తానే దూరింది.

పక్కింటావిడ నేల మీద కాలు పట్టుకుని ఉంది. తోడికోడల్ని చూసి, "నా గోడ పాడుచేశావు," అంది.

"సగం నాది. నా సగమే పగలగొట్టాను," అంది మామా.

చిన్నావిడ పెదవులు విచ్చుకున్నాయి. నవ్వబోతోందనుకున్నాను, ఏడ్చేసింది. మామా పక్కనే కూలబడి ఆమె తల ఒళ్ళోకి తీసుకుంది. ఎముక విరగలేదు, మడమ బెణికిందంతే.

ఆనాటి నుంచి రెండిళ్ళకీ ఒకటే పొయ్యి. సైనికులు ఇళ్ళు సోదా చేస్తూ మా తలుపు బాదినప్పుడు, నలుగురం అవతలికి దూరి, సందుకు అడ్డంగా బీరువా జరిపాం. ఇటు మా గదుల్లో బూట్ల చప్పుడు, పళ్ళాలు పగిలిన చప్పుడు. ముసలివాళ్ళిద్దరూ చేతులు పట్టుకుని నిలబడ్డారు. టీవీ, బియ్యం బస్తాలు మోసుకుని సైనికులు పోయాక, మామా, "ఖలాస్, అయిపోయింది. చాయ్ పెట్టు," అంది.

కొన్నాళ్ళకి జోర్డాన్ మీదుగా మన దేశంవాళ్ళని ఇళ్ళకి పంపిస్తున్నారని కబురొచ్చింది. మేం వెళ్ళం అన్నాం. మామాలిద్దరూ ఒప్పుకోలేదు. "మీకోసం ఏడ్చేవాళ్ళు అక్కడున్నారు," అని దారికి ఖర్జూరాలు కట్టి, మమ్మల్ని బస్సెక్కించారు.

యుద్ధం ముగిశాక కువైట్‌లోనే సల్వా పేటలో వేరే ఇంట్లో పని దొరికి మళ్ళీ వచ్చాను. మొదటి శుక్రవారమే బ్నీద్ అల్ గార్ వెళ్ళాను. కమానుల మీద తూటాల గుంటలు. మామాలిద్దరూ ఒకే గదిలో, రెండు మంచాల మీద ఉన్నారు. కూరలో ఉప్పెక్కువైందని కోట్లాడుకుంటున్నారు. నన్ను చూడగానే ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టారు, ఎవరి తప్పో నన్నే చెప్పమని.

ఇప్పుడు వాళ్ళు లేరు. చుట్టూ అద్దాల మేడలు లేచాయి. ఆ రెండిళ్ళనీ కూల్చకూడదని ప్రభుత్వం ఆజ్ఞ ఇచ్చి, గచ్చు కొత్తగా పూయించింది. అటు వెళ్ళినప్పుడల్లా కావలివాడిని బతిమాలి లోపల కాసేపు కూర్చుంటాను. భయంతో గడిపిన ఆ రోజుల మీద ఇంత ఇష్టం ఏమిటో నాకే తెలియదు. కోనసీమ అమ్మాయికి ఫోన్ చేసి చెబితే, "నాకూ అంతేనండి అక్కా," అంటుంది.