ఎర్త్ రాడ్ వచ్చేదాకా

2019 యాసంగి, రెండో పంట కాలం. జగిత్యాల నుంచి రాయికల్ వైపు పోయే దారిలో ఒక కరెంటు సెక్షన్‌లో నేను లైన్ ఇన్‌స్పెక్టర్‌గా పనిచేసేవాణ్ణి. లైన్ ఇన్‌స్పెక్టర్ అంటే పోల్ ఎక్కే లైన్‌మన్‌కూ, ఆఫీసులో ఉండే అసిస్టెంట్ ఇంజనీరు ఏఈకీ మధ్య మనిషి. కింద నిలబడి పని చేయించాలి, పైనుంచి వచ్చే మాట పడాలి. ఇప్పుడు రిటైరై కోరుట్లలో ఉంటున్నాను. ఏ రోజు ఏ లైను మీద ఏం పని జరిగిందో డైరీలో రాసుకునే అలవాటు ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ ఉంది కాబట్టి ఆ రోజు సంగతి చెప్పడానికి పెద్దగా తడుముకోనక్కరలేదు.

వరి పొట్ట మీద ఉంది. వెన్ను బయటికి తీసే ముందు ఆ కొద్ది రోజులు నీళ్లు తప్పితే గింజ పట్టదు, తాలు పోతుంది. సరిగ్గా అప్పుడే గాలిదుమారం వచ్చింది. చెట్లు విరిగి తీగల మీద పడ్డాయి. ఒక ఊరి శివారులో మోటార్లకు కరెంటు ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. పైన లెవెన్ కేవీ లైన్ నుంచి దానికి దిగే జంపర్, అంటే రెంటినీ కలిపే చిన్న తీగ ముక్క, తెగిపోయింది. రైతులే ట్రాక్టర్ పెట్టి జగిత్యాల నుంచి మరో ట్రాన్స్‌ఫార్మర్ తెచ్చుకున్నారు. దాన్ని దిమ్మె మీద ఎక్కించి, కింది కనెక్షన్లు ఇచ్చేసరికి మూడో రోజు పొద్దెక్కింది. ఇక మిగిలింది జంపర్ కట్టడమే. అరగంట పని.

ఆ అరగంట పని చేయాల్సింది ప్రభుదాసు. మా సెక్షన్ లైన్‌మన్. గుంట భూమి లేని ఇంట్లో పుట్టాడు. తండ్రి బతుకంతా అదే శివారులో ఇంకొకరి పొలాల్లో కూలి చేశాడు. ప్రభుదాసు ఆదివారం చర్చికి పోతాడు, మిగతా రోజులు పోల్ ఎక్కుతాడు. మాట తక్కువ, ఎకసెక్కం ఎక్కువ.

ముందుగా ఎల్‌సీ తీసుకున్నాం. ఎల్‌సీ అంటే లైన్ క్లియర్: ఊళ్లకు పోయే ఫలానా ఫీడర్ లైను బంద్ చేశాం, మీరు చెప్పేదాకా మళ్లీ ఇవ్వం అని సబ్‌స్టేషన్ ఆపరేటర్ ఇచ్చే మాట. ట్రాన్స్‌ఫార్మర్‌కు లైను తెంపే ఏబీ స్విచ్ హ్యాండిల్ కూడా కిందికి దించాం. ఇంక ఒక్కటే మిగిలింది. ఎర్త్ రాడ్. పొడుగాటి కర్ర, దాని చివర ఇత్తడి కొక్కెం, కొక్కేనికి తీగ, ఆ తీగ రెండో కొస భూమిలో దిగేసిన కడ్డీకి. బంద్ చేసిన లైనుకు దాన్ని తగిలించి ఉంచితే, ఎక్కడి నుంచైనా కరెంటు దొంగతనంగా వచ్చినా భూమిలోకి పోతుంది, మనిషిలోకి పోదు. గాలిదుమారం తర్వాత ఇది మరీ ముఖ్యం. ఎక్కడో ఇంకో లైను తెగి దీని మీద పడి ఉండొచ్చు. ఏదో మిల్లులో జనరేటర్ తప్పుగా కలిపి ఉండొచ్చు. సబ్‌స్టేషన్‌లో కూర్చున్న ఆపరేటర్‌కు అవన్నీ కనబడవు.

రాడ్ మా దగ్గర లేదు. మండలం రెండో కొసన ఇంకో గ్యాంగ్ పనిచేస్తున్నది, వాళ్ల దగ్గర ఉంది. పని కాగానే పంపిస్తామన్నారు.

"రాడ్ రానీ సార్, ఎక్కుత," అన్నాడు ప్రభుదాసు. పోయి తుమ్మచెట్టు నీడన కూర్చున్నాడు.

రైతులు నన్ను చుట్టుముట్టారు. అందరికంటే ముందు గంగారెడ్డి. అరవై దాటిన మనిషి, గొంతు మాత్రం పాతికేళ్లది. ఆయన మీది మడి ఎత్తులో ఉంటుంది, నీళ్లు ఆగినప్పుడు ముందు ఎండేది అదే. అప్పటికే నెర్రెలు వారింది.

"ఇన్‌స్పెక్టర్ సాబ్, సబ్‌స్టేషన్ల బంద్ వెట్టిండ్రా లేదా?"

"పెట్టిండ్రు పటేలా."

"గీ స్విచ్ దించిండ్రా లేదా?"

"దించినం."

"మరి ఇంకేంది? ముహూర్తం సూస్తుండ్రా?"

నా ఫోన్ మోగింది. ఏఈ. మా ఎల్‌సీ వల్ల అదే ఫీడర్ మీది మిగతా ఊళ్లకూ కరెంటు లేదు, వాళ్లంతా ఆయనకు ఫోన్లు చేస్తున్నారు. విషయం చెప్పాను. "నువ్వే చూస్కో," అన్నాడు. మా శాఖలో పనిచేసిన వాళ్లకు ఈ మాట అర్థం తెలుసు. ఎక్కించి ఏమైనా అయితే నాది బాధ్యత, ఎక్కించక ఆలస్యమైతే అదీ నాదే.

ఎండ పెరిగింది. నేను గట్టిగా చెబితే ప్రభుదాసు ఎక్కుతాడని నాకు తెలుసు. చెప్పాలా వద్దా అని నేను నిజంగానే ఊగిసలాడుతున్నాను. ఒకపక్క కళ్లముందు ఎండుతున్న వరి. ఇంకోపక్క కంటికి కనబడని ప్రమాదం. కనబడేది ఎప్పుడూ గట్టిగా అరుస్తుంది.

నేను తేల్చుకునేలోపే గంగారెడ్డి చెప్పులు విడిచాడు. ధోవతి ఎగగట్టాడు. "జరుగుండ్రి. నేనే కడ్త. గీ ట్రాన్స్‌ఫార్మర్ మీద నేను ఏసినన్ని ఫీజులు మీ డిపార్టుమెంటోళ్లు ఎయ్యలె."

అది అబద్ధం కాదు. మా వైపు రైతులు ఫ్యూజు పోతే తామే వేసుకుంటారు. అలా వేస్తూ ప్రాణం పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు. నేను అడ్డం పోయాను. నన్ను పక్కకు నెట్టి దిమ్మె మీద కాలు పెట్టాడు.

ప్రభుదాసు చెట్టు కింది నుంచి లేచి వచ్చాడు. ఆపలేదు, అరవలేదు. చెయ్యి చాపాడు.

"మంచిది పటేలా, ఎక్కు. నీ ఫోన్ ఇచ్చి ఎక్కు."

"ఫోనెందుకురా?"

"ఇంటి నుంచి ఫోనొస్తె ఎవలన్న మాట్లాడాలె గద."

గంగారెడ్డి విసురుగా బనీను జేబులోంచి ఫోన్ తీసి ప్రభుదాసు చేతిలో పెట్టాడు. పొద్దటి నుంచి ఆ ఫోన్ ఊరుకోవడం లేదు. భార్య రాజవ్వ గంట గంటకూ కరెంటు వచ్చిందా అని అడుగుతూనే ఉంది. ఆయన ఒక మెట్టు ఎక్కాడో లేదో మళ్లీ మోగింది. ప్రభుదాసు ఎత్తాడు.

"అమ్మా, నేను లైన్‌మెన్ ప్రభుదాసును. పటేల్ పోలెక్కుతున్నడు."

"పోలా? ఎందుకు?"

"తీగ కట్టనీకె. లైన్ల కరెంటు ఉన్నదో లేదో ఇంక సూడలేదమ్మా. ఆగుమంటున్న, ఆగుతలేడు."

"స్పీకర్ వెట్టు," అంది రాజవ్వ.

పెట్టాడు. ఆమె గొంతు ముందు నేను పొద్దటి నుంచి విన్న అరుపులన్నీ చిన్నబోయాయి.

"ఏమయ్యో! పోయినేడు ఒడ్డు మీది నుంచి పడి మూన్నెల్లు మంచంల పన్నవు. లేవట్టింది నేను, కూసోవెట్టింది నేను. ఇప్పుడు పోలెక్కుతవా? దిగు! మడి ఎండితె ఎండనీ. ఒడ్లు అచ్చే యాసంగికి మళ్ల పండుతయి. నువ్వు పండుతవా?"

రైతులంతా నవ్వారు. గంగారెడ్డి కాలు అక్కడే ఆగింది. "స్పీకర్ల ఎందుకు వెట్టినవురా, ఇజ్జత్ తీసినవు గద," అని గొణుగుతూ దిగాడు. దిగి చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చి తుమ్మచెట్టు కింద కూర్చున్నాడు. ఇంక ఎదురుచూడడమే.

కొంతసేపటికి ఆయనే అడిగాడు. "ఫోన్ సంగతేందిరా దాసూ? గట్లెందుకడిగినవు?"

పోల్ ఎక్కే ముందు ప్రభుదాసు తన ఫోన్ కింద ఎవరికో ఒకరికి ఇచ్చి ఎక్కడం నేను ఏళ్లుగా చూస్తున్నాను. పైనుంచి పడి పగులుతుందని ఇస్తాడనుకున్నాను. ఆ రోజు చెట్టు కింద చెప్పాడు.

కొత్తగా చేరినప్పుడు అతనికి పని నేర్పినాయన ఒకరు పోల్ మీదే కరెంటు తగిలి పోయాడు. బెల్టుకు వేలాడుతున్నాడు. లైను మళ్లీ బంద్ చేయించి దించాలి, అందాక ఎవరూ ముట్టరాదు. ఆయన జేబులో ఫోన్ మోగుతూనే ఉంది. ఆగుతుంది, మళ్లీ మోగుతుంది. కింద నిలబడ్డ వాళ్లందరికీ తెలుసు, ఇంటి నుంచేనని.

"అన్నానికి రాకపాయె అని చేస్తున్నదట వదినె. ఎత్తి చెప్పెటోడు లేడు," అన్నాడు ప్రభుదాసు. "గప్పటి సంది నేను ఫోన్ కిందిచ్చి ఎక్కుత. ఇచ్చేటప్పుడు ఒక్కసారి యాదికొస్తది, నా కోసం ఫోన్ చేసెటోళ్లు ఉన్నరని. యాదికొస్తె చెయ్యి నిమ్మళమైతది."

గంగారెడ్డికి ఇది నచ్చలేదు. "పొద్దున లేస్తె సావును యాది చేసుకుంట కూసుంటె పనెట్లయితదిరా?"

"కూసుంటనా పటేలా? పన్నెండేండ్ల సంది ఎక్కుతనే ఉన్న. భయపడుడు వేరే, యాది పెట్టుకునుడు వేరే. భయపడ్డోని చెయ్యి వణుకుతది. యాది మరిచినోని చెయ్యి తొందరపడ్తది. రెండు తీర్లా పోతడు."

"మరి ఇంట్ల ఎట్లుంటవు? గిట్లనే ఫిలాసఫీ చెప్తవా?"

"ఇంట్లనా? పొద్దున కొట్లాడి డ్యూటీకి రాను. కొట్లాటుంటె సాయంత్రానికి వాయిదా వెడ్త. పోయినంక ఇద్దరం కూసొని నిమ్మళంగ కొట్లాడుకుంటం."

ఆ మాటకు గంగారెడ్డి కూడా నవ్వాడు.

పొద్దు పడమటికి వాలుతుండగా రాడ్ మోటార్ సైకిల్ మీద వచ్చింది. ప్రభుదాసు హెల్మెట్ పెట్టుకున్నాడు, గ్లౌజులు ఊది చూసుకున్నాడు. గ్లౌజు ఊదితే చిల్లు ఉందో లేదో తెలుస్తుంది. ఆపరేటర్‌కు ఇంకోసారి ఫోన్ చేసి ఫీడర్ పేరు అతని నోటితోనే చెప్పించాడు. తర్వాత తన ఫోన్ గంగారెడ్డికి ఇచ్చాడు.

"మా ఇంటిది సుగుణ చేస్తది. పోల్ మీదున్నడు, దిగినంక చేస్తడని చెప్పు పటేలా."

గంగారెడ్డి ఆ ఫోన్‌ను జేబులో పెట్టుకోలేదు. నిండు చెంబు పట్టుకున్నట్టు రెండు చేతుల్లో పట్టుకుని నిలబడ్డాడు. ఒకాయన ఊరికే పోయి ఏబీ స్విచ్ హ్యాండిల్ పక్కన ఆనుకోబోతే, "ఏయ్, అక్కడ్నించి జరుగు! మనిషి పైనున్నడు కనిపిస్తలేదా?" అని ఆయన వేసిన కేక అవతలి పొలం దాకా వినబడింది. పొద్దటి నుంచి తొందరపెట్టిన మనిషే ఇప్పుడు మెడ ఎత్తి "నిమ్మళంగ కానియ్ దాసూ, నిమ్మళంగ," అంటున్నాడు.

రాడ్ తగిలింది. నిప్పురవ్వ లేదు, చప్పుడు లేదు. లైన్‌లో ఏమీ లేదు. జంపర్ కట్టి, రాడ్ తీసి, దిగి, ఎల్‌సీ తిరిగి ఇచ్చేశాం. మోటార్లు ఒకదాని వెంట ఒకటి అందుకున్నాయి. నీళ్లు కాలువలో పడ్డాయి.

అప్పుడు గంగారెడ్డికి మళ్లీ కోపం వచ్చింది. "సూసినవా? లైన్ల ఏం లేకుండె. పొద్దంత ఉత్తగనె పాడు చేస్తివి."

"ఏం లేదని గిప్పుడు తెలిసింది పటేలా," అన్నాడు ప్రభుదాసు చేతులు కడుక్కుంటూ.

ఇలాంటి అనుభవాల్లో జాగ్రత్త పడిన వాడిదే చివరికి గెలుపు అని రాయడం సులువు. లైన్‌లో కరెంటు ఉండి, రాడ్ తగలగానే మంట లేచి, అందరూ నోరెళ్లబెట్టారని చెబితే వినడానికి బాగుంటుంది. అలా జరగలేదు. జాగ్రత్త ఫలితం మామూలుగా ఇలాగే ఉంటుంది: ఏమీ జరగదు. జరగనిదాన్ని ఎవరూ మెచ్చుకోరు. పోయిన పూట మాత్రం అందరికీ కనబడుతుంది. కోతలప్పుడు గంగారెడ్డి మీది మడిలో సగం తాలే వచ్చింది. ఒక్క పూట ముందు నీళ్లు పారితే దక్కేదేమో. దక్కేది కాదని నేను ఖాయంగా చెప్పలేను.

అయినా ఆ రోజు తర్వాత నా పని పద్ధతి మారింది. ప్రతి సెక్షన్‌లో చేయాల్సిన పనులు ఎప్పుడూ చేయగలిగిన దానికంటే ఎక్కువే ఉంటాయి. ఎవరి ఫోన్ గట్టిగా వస్తే వాళ్ల పని ముందు అయిపోతుంది. నేను ఆ వరుస మార్చుకున్నాను. ఏది వదిలేస్తే మనిషి పోతాడో అది ముందు. బడి పిల్లలు నడిచే దారి మీద కిందికి వేలాడే తీగ, బర్రెలు ఒళ్లు రాసుకునే తుప్పు పట్టిన, పోల్‌ను లాగిపట్టే స్టే వైరు, చేతికందే ఎత్తులో మూత లేని ఫ్యూజు డబ్బా. వీటి గురించి ఫోన్ చేసేవాళ్లు ఉండరు. మాటలు పడ్డాను. మిగిలిన సర్వీసంతా అదే వరుస నడిపించాను. అన్నిటికీ సమయం చాలదని ఒప్పుకున్న రోజునే ఏది ముందో తెలిసింది. సమయం ఉందిలే అనుకున్నన్నాళ్లూ తెలియలేదు.

రిటైరైన తర్వాత కూడా అదే కొలత. ఎవరినైనా చూసి రావాలనుకుంటే వచ్చే నెలకు పెట్టుకోను. మనసులో ఉన్న మంచి మాట మనిషి ఎదురుగా ఉన్నప్పుడే అనేస్తాను. దీనివల్ల దిగులు పెరగలేదు. నిద్ర బాగా పడుతున్నది.

గంగారెడ్డి కోరుట్ల అంగడికి వచ్చినప్పుడు ఎప్పుడైనా కలుస్తాడు. ఇప్పుడు ఫ్యూజు పోతే తాను చెయ్యి పెట్టడం లేదట. ఫోన్ చేసి, ప్రభుదాసు వచ్చేదాకా తిట్టుకుంటూ కూర్చుంటున్నాడట. మీది మడి మాత్రం మరిచిపోలేదు. మొన్న ప్రభుదాసు కూడా నా పక్కనే ఉన్నాడు. మా ఇద్దరినీ చూడగానే గంగారెడ్డి రోడ్డు అవతలి నుంచే అందుకున్నాడు: "అగో, నా మడి ఎండవెట్టినోళ్లు ఇద్దరు ఒక్కకాడనె ఉన్నరు!"

అనడానికి ఆయన ఉన్నాడు. వినడానికి ప్రభుదాసు ఉన్నాడు. ముగ్గురం పోయి చాయ్ తాగాం.