చోటే సాబ్ పాస్ చెయ్యనన్న బండి

ఆదోనిలో ఎమ్మిగనూరు రోడ్డు మీద షెడ్డు పెట్టుకున్న మెకానిక్ చోటే సాబ్‌కు ఒకటే జబ్బు. ఎవరేం అడిగినా ముందు "కాదు" అంటాడు. అయ్యే పనికీ కాదే, అయిపోయిన పనికీ కాదే. పక్క షెడ్ల బోర్డుల మీద 'అన్ని రకాల బండ్లు రిపేరు చేయబడును' అని ఉంటే, ఈయన బోర్డు మీద 'అన్ని రకాల బండ్లు చూడబడును' అని ఉంటుంది. ఎందుకట్లా రాయించినావని అడిగితే, "రిపేరు అంటే మాటిచ్చినట్ల గదప్పా! చూసేదానికి ఏముండాది, చూస్తాం" అంటాడు.

కూతురు సబా పెళ్ళిలో ఈయన బిర్యానీ డేగిశాల పక్కన నిలబడి, వచ్చినవాళ్ళకంతా "చాలదు, బిర్రన తినేయండి" అని చెవిలో చెప్పాడట. జనం భయపడి నాలుగు ముద్దలు తిని లేచిపోయారు. మూడు డేగిశాలు మిగిలి, ఆ వీధిలో రెండు రోజులు ఎవరింట్లోనూ పొయ్యి వెలగలేదు. ఇంకోసారి డాక్టరు "బీపీ బాగుంది సాబ్" అన్నాడు. "బాగుండదు సార్. మీ మిషన్ ఇట్లివ్వండి, లోపల ఏదో వదులయినట్టుండాది" అన్నాడీయన. దాన్ని తీసుకుని విప్పి చూసేదాకా కుర్చీలోంచి లేవలేదు. వదులైన మాట నిజమేనని డాక్టరు ఎవరికీ చెప్పుకోలేదు.

అటువంటి మనిషి చేతిలో పడింది ఎమ్మిగనూరు సునీత.

సునీత మొగుడు రాజశేఖర్ ఆటో నడిపేవాడు. నడుము దెబ్బతిని మంచం పట్టాక, సునీతే డ్రైవింగు నేర్చుకుంది. కౌతాళం పక్క పల్లెల్లో పనిచేసే ఐదుగురు టీచరమ్మలు ఎమ్మిగనూరు నుంచి రోజూ పోయి రావాలి. "బడి తెరిచే నాటికి బండి తెచ్చుకుంటే నీ బండిలోనే వస్తాం, సునీతా" అని మాటిచ్చారు. కొత్త కారు కొనే తాహతు లేదు. ఉన్న రెండు పాడి ఎనుములను అమ్మి, ముందు భాగం నుజ్జునుజ్జయిన కారొకటి కొనింది. యాక్సిడెంటు తరువాత ఇన్సూరెన్సు వాళ్ళు తుక్కు కింద రాసేసిన బండి అది.

లారీ మీద నుంచి దించిన ఆ కారు చుట్టూ చోటే సాబ్ మూడుసార్లు తిరిగాడు.

"కాదు బేటీ."

"బాగు కాదా చాచా?"

"బాగయితాది. రోడ్డు మీద పరిగెత్తుతాది గూడా. కాగితం కాదు. తుక్కు కింద రాసిన బండిని మళ్ళా రోడ్డెక్కించాలంటే, ఇది ఆ బండేనని బ్రేక్ ఇన్‌స్పెక్టరు నమ్మల్ల. ఆయన నమ్మేది చాసిస్ మీద కొట్టిన నంబరునే. ఆ నంబరు చూడు, సొట్టలో ఉండాది. సొట్ట తీస్తే నంబరు చెదురుతాది. తియ్యకపోతే బండి కాదు."

"మరెట్ల?"

"అదే చెప్తాండా గదా. కాదు."

అని, చొక్కా చేతులు పైకి మడిచి పనిలోకి దిగాడు.

రెండు నెలల పాటు సునీత బస్సులో వచ్చిన ప్రతిసారీ ఒక అపశకునం వినేది. తలుపు బిగిస్తూ "ఇది నిలవదు" అన్నాడు. రంగు వేస్తూ "పట్టదు" అన్నాడు. ఇంజను తాళం తిప్పగానే పలికితే షెడ్డులో అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన మాత్రం ముఖం వేలాడేసుకుని, "ఇంత తొందరగా స్టార్టయిందంటే లోపల ఏదో మోసముండాది" అన్నాడు. సునీతకు అన్నం సయించేది కాదు. ఇంటికి పోతే ఖాళీ కొట్టం కనపడేది. రాజశేఖర్ "ఏమన్నాడు?" అని అడగడం కూడా మానేశాడు.

చెకింగు రోజు రానే వచ్చింది. చోటే సాబ్ ఒక లావు సంచి చంకన పెట్టుకుని తయారయ్యాడు. సునీత చేతులు జోడించింది.

"చాచా, నీకు దండం పెడతా. ఈ ఒక్క పొద్దు నోరు తెరవొద్దు. ఆ సంచి గూడా తేవొద్దు. ఇంత లావు సంచి చూస్తే ఆయనకు లేని అనుమానం వస్తాది."

ఆయన సంచి భార్య బీబీజాన్ చేతికిచ్చాడు. నోరు కూడా ఇచ్చి వచ్చుంటే బాగుండేది.

ఇన్‌స్పెక్టరు చిన్న వయసు వాడు, మర్యాదస్తుడు. నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలు రుద్దాడు. నంబరులోని పదిహేడు అక్షరాల్లో పదమూడు చక్కగా తేలాయి. చివరి నాలుగూ అలుక్కుపోయినట్టు వచ్చాయి.

"ఇది మూడా, ఎనిమిదా?"

"ఎనిమిది సార్" అంది సునీత.

ఇన్‌స్పెక్టరు చోటే సాబ్ వైపు తిరిగాడు. ఆయన పెదాలు బిగించి ఆకాశం చూస్తున్నాడు.

"పెద్దాయనా, మెకానిక్ మీరే కదా? మీకు సరిగ్గా కనిపిస్తోందా?"

చోటే సాబ్ మెడ నరాలు ఉబ్బాయి. ఎంతసేపని ఆపుకుంటాడు!

"కనపడదు సార్."

"మరి పాస్ చెయ్యమంటారా?"

"నేనైతే చెయ్యను సార్."

సునీత ఆయన చొక్కా పట్టి వెనక్కి లాగింది. ఆయన అంతటితో ఆగలేదు. "ఇంగొకటి సార్. ఎడమ తలుపు గూడా దీనిది కాదు" అన్నాడు.

ఇన్‌స్పెక్టరు కాగితం మీద రాసిచ్చాడు. అసలు నంబరు ఇదేనని కంపెనీ నుంచి లెటరు తేవాలి. నంబరు ముందు ఎట్లా ఉండేదో రుజువు చూపాలి. ఆ తలుపు ఎవరి బండిదో తేల్చాలి. అప్పుడు మళ్ళీ చూస్తారు. బడులు తెరిచేందుకు పది రోజులుంది.

గేటు బయటికి వచ్చాక సునీత ఏడుపు ఆపుకోలేకపోయింది. "నా నోటికాడ కూడు తీసినావు చాచా! నీకు నేనేం ద్రోహం చేసినా?"

చోటే సాబ్ రోడ్డు వైపు చూసి, "ఈ పొద్దు నీకు బస్సు గూడా దొరకదు" అన్నాడు. అనేలోపే ఎమ్మిగనూరు బస్సు వచ్చి ఎదురుగా ఆగింది. ఆమె వెనక్కి చూడకుండా ఎక్కేసింది.

నాలుగో రోజు టీచరమ్మల్లో పెద్దామె, యేసురత్నం మేడం, ఫోన్ చేసింది. "సునీతా, ఇంక వేరే బండి మాట్లాడుకుంటాం అమ్మా. ఏమనుకోవద్దు." సునీత కారును మళ్ళీ తుక్కుకే అమ్మేద్దామని తేల్చుకుని, మరునాడు దాని కాగితాల కోసం ఆదోనికి పోయింది. షెడ్డుకు తాళం. ఇంటికి పోతే బీబీజాన్ తలుపు తీసింది.

"ఆయన లేడమ్మా. మూడు దినాలాయె. కర్నూలుకు పోయినాడు కంపెనీ లెటరుకు. ఆ తలుపు గలాయన తుగ్గలి పక్క పల్లెలో ఉండాడంట, ఆడికి గూడా పోయొస్తానన్నాడు."

బీబీజాన్ ఆ లావు సంచి తెచ్చి మంచం మీద కుమ్మరించింది. అన్నీ ఫోటోలే. సుత్తి పడక ముందు ఆ పొద్దటి పేపరు పక్కన పెట్టి తీసిన నంబరు ఫోటోలు. తలుపు పాత రంగుతో ఉన్నప్పటివి, తీసేటప్పటివి, బిగించేటప్పటివి.

"మా పెండ్లి ఫోటోలు పదకొండమ్మా. నీ బండివి నూరు పైనుండాయి" అంది బీబీజాన్. "ఆ పొద్దు ఆఫీసు నుంచి వచ్చి అన్నం గూడా తినలే. ఆ సారు కండ్లు మూసుకోని పాస్ చేస్తే, రేపు దోవలో పోలీసులు ఆపి నంబరు చూస్తే ఏం గతి? దొంగబండి అంటే ఆ పిల్ల స్టేషన్లో కూర్చోవల్లనా? అని ఒకటే గొణుగుడు."

"ఆ మాట నాకే చెప్పొచ్చు గదా పిన్నమ్మా!"

"కాదు అనేది ఒకటే వచ్చు ఆయనకు. ఎందుకు కాదో చెప్పేది రాదు. చేసి చూపించేది వచ్చు." బీబీజాన్ ఫోటోలు మళ్ళీ సర్దుతూ, "కాఫీ తాగి పో. అమ్మేదాని గురించి వచ్చే వారం మాట్లాడదాం" అంది.

రెండోసారి చెకింగుకు చోటే సాబ్ సంచితో, కంపెనీ లెటరుతో, ఇంకో మనిషితో వచ్చాడు. తెల్లపంచె, భుజం మీద టువాలు, పేరు శేషప్ప. పోయినేడు ఆయన కారు కల్వర్టు కింద పడితే, దాని తలుపే ఈ బండికి వచ్చింది.

"ఇది మీ తలుపేనని ఏం గుర్తు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

శేషప్ప తలుపు కింది వైపు అరచేత్తో తడిమి, ఒకచోట వేలు ఆనించాడు. "ఈడ చెయ్యి పెట్టండి సార్. చిన్న గుంత తగల్లేదూ? మా కోడె కొమ్ముతో కుమ్మినాది. కావాలంటే కోడెను గూడా పిలుచుకొస్తా."

ఇన్‌స్పెక్టరు నవ్వు ఆపుకోలేక, కోడె అక్కర్లేదన్నాడు. ఫోటోలన్నీ చూశాడు, లెటరు చూశాడు. తన ఎదుటే నంబరు కొత్తగా కొట్టించి, కాగితం పెట్టి పెన్సిలు రుద్దాడు. పదిహేడూ ముత్యాల్లా తేలాయి. సంతకం పెడుతూ, "ఇప్పుడు చెయ్యొచ్చా పెద్దాయనా?" అని అడిగాడు.

చోటే సాబ్ కాగితాన్ని ఎండకు పట్టుకుని మూడు నిమిషాలు చూశాడు. వెతికి వెతికి తప్పు దొరక్క, "వానాకాలం రాబోతాంది సార్" అని మాత్రం అన్నాడు.

సునీత ఆఫీసు మెట్ల మీద నుంచే యేసురత్నం మేడంకు ఫోన్ చేసింది. వాళ్ళకు ఇంకో బండి కుదరలేదట. కుదరకపోవడమే మేలైందంటూ మేడం అవతల గట్టిగా నవ్వింది.

బడి తెరిచిన రోజు ఐదుగురు టీచరమ్మలతో కారు ఎమ్మిగనూరు దాటింది. రెండు మైళ్ళు పోయాక సునీత అద్దంలో చూసింది. వెనక ఒక పాత స్కూటరు. దాని మీద చోటే సాబ్, కాళ్ళ మధ్య పనిముట్ల పెట్టె, హ్యాండిలుకు నీళ్ళ క్యాను. ఆదోని నుంచి ముప్పై కిలోమీటర్లు వచ్చి మరీ కాపు కాశాడు. ఆమె ఆపితే ఆయన కూడా దూరంగా ఆగి, పత్తి చేను వైపు ముఖం తిప్పుకున్నాడు. రెండో రోజూ అదే వరస. "ఎవరే ఆ ముసలాయన, మన వెంట పడినాడు?" అని టీచరమ్మలు కంగారు పడ్డారు.

మూడో రోజు సగం దారిలో స్కూటరే ఆగిపోయింది. సునీత కారు వెనక్కి తిప్పి, స్కూటరును దారి పక్క టీ అంగట్లో పెట్టించి, ఆయన చెయ్యి పట్టుకుని తెచ్చింది. ముందు సీట్లోని యేసురత్నం మేడం దిగి, వెనక నలుగురి మధ్యా ఇరుక్కుంది. చోటే సాబ్ పెట్టె ఒళ్ళో పెట్టుకుని, చెవి ఇంజను వైపు సారించి, కదలకుండా కూర్చున్నాడు. ఏదో ఒక చప్పుడు రాకపోతుందా అని వింటున్నాడు.

ఇంజను చల్లగా, ఒక్క తీరుగా పలుకుతోంది. కౌతాళం ఇంకా దూరముండగానే ఆయన తల ఒక పక్కకు వాలింది. గురక మొదలైంది. వెనక సీట్లో టీచరమ్మలు నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు. సునీత హారను మీద చెయ్యి పడకుండా, గుంతలు తప్పించుకుంటూ, మెల్లగా పోనిచ్చింది.